డాలస్‌లో కూర్చుని, ఊళ్లో చెరువు తవ్వొద్దని తమ్ముడితో అనొచ్చా?

ఈసారి ఉత్తరం భీమవరం దగ్గర్లోని ఒక ఊరి ఆడపడుచు నుంచి. పేరు, ఊరు వద్దన్నారు. పెళ్లయ్యాక అమెరికా వెళ్లి ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నారు, భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు, ఇద్దరు పిల్లలు. నాన్నగారు పోయాక ఊళ్లో 4 ఎకరాల పొలం ఈవిడ పేరా, తమ్ముడి పేరా ఉమ్మడిగా ఉంది. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండు పంటలూ కౌలుకిచ్చారు, ఎకరాకి ఏడాదికి 35 వేలు వస్తోంది. తన వాటా కౌలు ఈవిడ ఎన్నడూ అడగలేదు, తమ్ముడే వాడుకుంటున్నాడు. ఇప్పుడు రొయ్యల చెరువుకి 5 ఏళ్ల లీజు బేరం వచ్చింది, ఎకరాకి ఏడాదికి లక్షా పదివేలు. తమ్ముడికి అప్పులున్నాయి, నాన్నగారి ఆసుపత్రి ఖర్చులో ఎక్కువ భాగం అతనే భరించాడు, కూతురు ఇంజినీరింగ్‌లో చేరింది. అక్క సంతకం కావాలి.

ఆ పొలానికి మూడు వైపులా ఇప్పటికే చెరువులు. నాలుగో వైపు వరసకి బాబాయి అయ్యే ఒకాయన ఎకరంపావు, సొంతంగా వరి చేసుకుంటున్నాడు, 70 దాటాయి. "మీ నాలుగెకరాలూ అడ్డం ఉండబట్టి నా చేలోకి ఉప్పు రాలేదమ్మా, అది కూడా తవ్వేస్తే నేను అమ్ముకోవడమే" అని ఫోన్‌లో ఈవిడతో అన్నాడట. ఈవిడ తమ్ముడితో వద్దన్నారు. తమ్ముడు రెండు మాటలన్నాడు. ఒకటి: "చుట్టూ చెరువులే అక్కా, మన ఒక్కళ్లం మానేస్తే కొల్లేరు బాగుపడిపోద్దా?" రెండోది: "నువ్వక్కడ రెండు కార్లేసుకుని, ఇల్లంతా ఏసీ పెట్టుకుని, ఏడాదికోసారి విమానమెక్కి వస్తావు. మా దగ్గరికొచ్చేసరికి పర్యావరణం గుర్తొచ్చిందా?" తర్వాతి వారం స్టోర్‌లో ఫ్రీజర్ లోంచి రొయ్యల ప్యాకెట్ తీస్తే వెనక 'ప్రోడక్ట్ ఆఫ్ ఇండియా' అని ఉందట. తిరిగి పెట్టేసి వచ్చేశాను మేడమ్, అని రాశారు. "వాడికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. వద్దనే అర్హత నాకు ఉందా? లేక సంతకం పెట్టేసి నోరు మూసుకోవాలా?"

ముందు ఆ ప్యాకెట్ సంగతి. మీరు తినడం మానేస్తే మానేయండి, అది మీ ఇష్టం, కానీ దాంతో బాబాయి పొలానికి ఒరిగేదేమీ లేదు. తమ్ముడి మాట గుచ్చుకుంది కాబట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నారు, అంతే. ఆ గుచ్చుకోవడం గురించే ముందు మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ ఉత్తరంలో సగం దాని గురించే ఉంది.

మీ తమ్ముడు అన్నదాంట్లో నిజం ఉంది, తప్పించుకోకండి. అమెరికాలో సగటున ఒక మనిషి వల్ల ఏడాదికి సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి వెళ్తే, ఇండియాలో అది 2 టన్నుల దగ్గర ఉంటుంది. 1992లో రియో సదస్సులో దేశాల మధ్య జరిగిన గొడవ సరిగ్గా ఇదే: బాధ్యత అందరిదీ, కానీ ఎక్కువ కాల్చినవాడిది ఎక్కువ బాధ్యత, అని అక్కడ రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. మన ప్రభుత్వాలు 30 ఏళ్లుగా అంతర్జాతీయ వేదికలమీద అనేదీ అదే, మీరు తినేసి మమ్మల్ని పస్తుండమంటారా అని. మీ తమ్ముడు ఆ కాగితాలేవీ చదవకుండానే అదే వాదన మీ ముందు పెట్టాడు. పైగా 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన సార్వా చేలు నీళ్లలో పడిపోయాయి, ఆ ఏడాది కౌలు సరిగ్గా రాలేదని మీరే రాశారు. ఆ తుపాను మీ కారు వల్లే వచ్చిందని ఎవరూ అనరు. కానీ సముద్రం వేడెక్కుతున్నకొద్దీ తుపాన్లు బలం పుంజుకుంటున్నాయి, ఆ వేడికి కారణమైనవాళ్లలో మీరు ముందు వరసలో ఉన్నారు, నష్టపోయినవాళ్లలో వాడున్నాడు. ఇది ఒప్పుకుంటే మీ ఇద్దరి మధ్యా మాట సగం చల్లబడుతుంది. "అవున్రా, నువ్వన్నది నిజమే" అని ఒక్కసారి అని చూడండి.

కానీ వాడి మాట అక్కడితో ఆగాలి, ఆగడంలేదు. మీరు రెండు కార్లు తిప్పడం తప్పే అనుకుందాం. ఆ తప్పుకి బాబాయి ఎకరంపావు ఎందుకు చెల్లించాలి? ఆయనకి కారు లేదు, ఏసీ లేదు. మీ పేరుమీదున్న బాకీని చూపించి మీ తమ్ముడు మూడో మనిషి దగ్గర వసూలు చేసుకుంటానంటున్నాడు. మీరు రేపు కార్లు అమ్మేసి బస్సెక్కినా, చెరువు తవ్వితే బాబాయి చేలోకి ఊట రావడం ఆగదు. మీరు నాలుగో కారు కొన్నా, చెరువు తవ్వకపోతే ఆ ఊట రాదు. ఈ రెండిటికీ సంబంధం లేదు. కాబట్టి అర్హత అనే ప్రశ్నని పక్కన పెట్టండి. మచ్చలేనివాళ్లే నోరెత్తాలనే నియమం పెట్టుకుంటే ఈ విషయంలో భూమ్మీద ఎవరూ మాట్లాడలేరు. వరి చేసేవాళ్లు కూడా! నీళ్లు నిలబెట్టిన వరి మడిలోంచి మీథేన్ వస్తుంది, అది కార్బన్ డయాక్సైడ్ కంటే చాలా రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది, అందుకే శాస్త్రవేత్తలు మధ్యమధ్యలో మడి ఆరనిచ్చి తడి పెట్టమంటున్నారు. వరి అంటే పచ్చదనం, చెరువంటే కాలుష్యం అని మీరు మనసులో గీసుకున్న గీత అంత శుభ్రంగా లేదని చెప్పడానికే ఇది. మీ తమ్ముడు ఈ సంగతి ఎక్కడైనా విని మీమీద ప్రయోగించేలోపు మీకు తెలిసి ఉండటం మంచిది.

ఇక "మన ఒక్కళ్లం మానేస్తే ఏమవుతుంది" అన్న మాట. కొల్లేరు వరకూ చూస్తే వాడన్నదే కరెక్టు. 1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో ముఖ్యమైన చిత్తడినేలల అంతర్జాతీయ జాబితా రామ్‌సర్‌లో చేరింది, 2006లో పొక్లెయిన్లు పెట్టి గట్లు కొట్టేశారు, తర్వాత మళ్లీ చెరువులొచ్చాయి. ప్రభుత్వాలే ఆపలేనిదాన్ని మీ 4 ఎకరాలు ఆపవు. వాతావరణ మార్పు గురించి మాట్లాడేటప్పుడు అందరినీ వేధించే చిక్కే ఇది, నేను చేసే హాని సముద్రంలో చుక్క, ఎవరికి తగులుతుందో కనిపించదు, నేను మానినా తేడా కనిపించదు. మీ కార్ల పొగ అలాంటిది. మీ పొలం అలాంటిది కాదు. ఇక్కడ హాని ఎవరికో తెలుసు, ఎటువైపు నుంచి వస్తుందో తెలుసు, మధ్యలో ఉన్న గట్టు ఎవరిదో తెలుసు. మీ నాలుగెకరాలూ తవ్వడం మానేస్తే తేడా నూటికి నూరుపాళ్లు కనిపిస్తుంది. పెద్ద లెక్కకి సరిపోయే వాదన తెచ్చి చిన్న లెక్కలో పెట్టాడు మీ తమ్ముడు, మీరు తడబడింది అక్కడే.

ఆ హాని ఎలా జరుగుతుందో కొంచెం దగ్గర్నుంచి చూడండి, దూరంగా ఉండేవాళ్లకి ఇది మర్చిపోవడం తేలిక. చెరువులో నీళ్లు పక్క చేని మట్టం కంటే ఎత్తులో, ఏడాదిలో ఎక్కువ భాగం నిలబడి ఉంటాయి. ఆ బరువుకి గట్టు కింద నుంచి ఊట మెల్లగా పక్క చేలోకి దిగుతుంది. మొదట గట్టు వారగా రెండు వరసల్లో వరి దుబ్బులు ఎదగవు, ఆకు కొసలు తెల్లబడి ఎండుతాయి. ఎండాకాలం నేల ఆరినప్పుడు ఆ అంచున తెల్లటి పొర తేలుతుంది. ఏటేటా ఆ పొర లోపలికి జరుగుతుంది. మట్టి పరీక్ష చీటీలో ఈసీ అని ఒక అంకె ఉంటుంది, ఉప్పు ఎంతుందో చెప్పేది అదే. అది 3 దాటాక ఒక్కో యూనిట్‌కి వరి దిగుబడి సుమారు 12 శాతం చొప్పున పడిపోతుందని పంటల శాస్త్రం లెక్క. 6 దగ్గరికొచ్చేసరికి మూడో వంతు పంట పోయినట్టే, ఆ పైన కూలి ఖర్చు కూడా గిట్టదు. ఎకరంపావులో ఇది జరగడానికి ఎక్కువ జాగా అక్కర్లేదు.

లీజు అడిగేవాళ్లు "తీపి నీళ్లతోనే పెంచుతామండీ" అంటారు. 2009లో మన దేశంలో అనుమతించిన వనామీ రకం రొయ్య తక్కువ ఉప్పులో కూడా బతుకుతుంది, కాబట్టి ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. కానీ పంట మధ్యలో రొయ్యకి కావలసిన ఉప్పు తగ్గితే బోరు వేసి ఉప్పునీళ్లు కలుపుతారు, డాలస్‌లో ఉన్న మీరు చూడబోయారా. తీపి నీటి చేపల చెరువైనా సరే ఊట ఊటే, ఉప్పు లేకపోయినా పక్క చేలో నేల ఎప్పుడూ తడిగానే ఉండి దాళ్వాకి దుక్కి సాగదు.

"ఎలాగూ సముద్రం పైకొస్తోంది, ఇంకో 20 ఏళ్లకి ఈ వరి ఉంటుందా" అని కూడా అన్నాడని చివర్లో రాశారు. ఆ భయం గాలికబుర్లేమీ కాదు. కృష్ణా, గోదావరి డెల్టాలు కుంగుతున్నాయి, ఎగువన కట్టిన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోయి కిందికి రావడం తగ్గింది, కొల్లేరుని సముద్రంతో కలిపే ఉప్పుటేరు మీదుగా పోటు నీళ్లు పైకి ఎగదన్నుతున్నాయి. కానీ ఉప్పు వచ్చేదుంది కాబట్టి మనమే ముందు పోసేద్దాం అనేది ఏం తర్కం? ఆ 20 ఏళ్లు బాబాయికి మిగిలిన జీవితం మొత్తం.

ఇంకో మనిషి సంగతి. మీ ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోయాడు, మీ పొలం కౌలుకి చేస్తున్నాయన. మీ గొడవంతా బాబాయి చుట్టూ ఉంది, ఆయనకి సొంత భూమి ఉంది, పైగా చుట్టం. ఈ కౌలుదారుకి ఏదీ లేదు. లీజు సంతకం అయిన రోజున ముందుగా బయటికెళ్లేది ఆయనే, ఆ వెంటే నాట్లకీ కలుపుకీ వచ్చే ఆడవాళ్లు. చెరువు దగ్గర వాళ్లకి దొరికే పని తక్కువ, మేత చల్లడానికి, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ల దగ్గర కాపలాకి ఒకళ్లిద్దరు చాలు. మీ తమ్ముడితో మాట్లాడేటప్పుడు ఈయన పేరు కూడా ఎత్తండి. ఎత్తకపోతే వాడు మిమ్మల్ని "నీకు చుట్టాల బాధే కనిపిస్తుంది" అంటాడు, అప్పుడు నిజంగానే జవాబుండదు.

సరే, ఏం చేయొచ్చు.

సంతకం పెట్టేస్తే తమ్ముడికి ఏడాదికి 3 లక్షలు అదనంగా వస్తాయి, అప్పు తీరుతుంది, మీ ఇద్దరి మధ్యా మాట బాగుంటుంది. అయిదేళ్ల తర్వాత వరికి వెనక్కి రావచ్చనుకుంటారు, అది అంత సులువు కాదు. పైమట్టి తీసి దాంతోనే గట్లు పోస్తారు, కింద మిగిలేది ఉప్పెక్కిన అడుగుమట్టి, తీపి నీళ్లతో పదేపదే కడిగితే తప్ప తేరుకోదు. ఆ డబ్బు కూడా నమ్మకం కాదు. రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వస్తే చెరువు రోజుల్లో ఖాళీ అవుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు కౌంట్ ధరలు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి పలికే ధరలు) ఎలా కొట్టుకున్నాయో మీ తమ్ముడికి నాకంటే బాగా తెలుసు. లీజుదారు రెండు పంటలు నష్టపోతే మూడో ఏడాది అద్దె ఎగ్గొట్టి వెళ్లిపోతాడు, గుంట మీకు మిగులుతుంది.

పెట్టనని కచ్చితంగా చెప్పేస్తే? హక్కుంది మీకు. బాబాయి పొలం బతుకుతుంది. కానీ ఆ 3 లక్షల నష్టం ఎవరికి? మీకు పైసా పోదు. మీ మనస్సాక్షికి అయ్యే ఖర్చు మొత్తం అప్పుల్లో ఉన్న తమ్ముడి నెత్తిన పడుతుంది. నేను ఒప్పుకోనిది ఇక్కడే. కౌలు వాటా ఎప్పుడూ అడగలేదు కదా అంటారేమో, అది మంచితనమే, కాదనను, కానీ ఈ లెక్కలోకి రాదు. పర్యావరణం పేరుతో ప్రపంచమంతా జరిగేది ఇదే: వద్దనేవాడొకడు, దాని ఖర్చు మోసేవాడొకడు.

అందుకే మూడో దారి, నాకు నచ్చినదారి చెప్తున్నాను, మీకు నచ్చాలనేం లేదు. వద్దనండి, అని ఆ ఖర్చు పంచుకోండి. న్యాయంగా చూస్తే చెరువు లీజులో సగం మీ వాటాదే కాబట్టి తమ్ముడు కోల్పోయేది ఏడాదికి లక్షన్నర. నెలకి చూస్తే మీ రెండు కార్ల ఇన్సూరెన్సుకి మించదేమో. అప్పు తీరేదాకా, లేదా మేనకోడలి చదువయ్యేదాకా, నేను ఇది పంపుతాను అనండి. దానంలా కాదు, ఏటా సాయంలా కూడా కాదు, నా 'వద్దు'కి నేను కట్టే మొత్తం అని సూటిగా చెప్పండి. ఇందులో ఇబ్బంది ఏంటంటే, తమ్ముడికి ఇది అవమానంగా అనిపించొచ్చు, ఇంట్లో మీ ఆయన ఏమంటారో నాకు తెలీదు, అయిదేళ్ల తర్వాత ఆపేస్తే మళ్లీ మొదటికి రావొచ్చు. అది మీరు భరించగలరా లేదా అనేది డబ్బు కంటే పెద్ద ప్రశ్న.

మీరు ఉత్తరంలో అడిగిన ఇంకో మాట, తమ్ముడి వాటా కూడా నేనే కొనేసుకుని వరికే ఉంచొచ్చా అని. కుదరదు. విదేశాల్లో ఉండేవాళ్లు వారసత్వంగా వచ్చిన సాగుభూమిని ఉంచుకోవచ్చు, ఇక్కడుండే భారతీయులకి అమ్ముకోవచ్చు, కొత్తగా కొనడానికి వీల్లేదు. పంచుకుని మీ రెండెకరాలు విడగొట్టుకోవచ్చు, బాబాయి వైపు ముక్క మీరు తీసుకుని దాన్ని కౌలుకే ఉంచితే, తమ్ముడు తన రెండెకరాల్లో ఏదైనా చేసుకుంటాడు. అతని హక్కు అతనికి ఉంటుంది, మధ్యలో అడ్డం ఉంటుంది. కౌలుదారుకి కూడా సగం మిగులుతుంది. నష్టం లేకుండా కాదు, తమ్ముడి చెరువు ఊట మీ ముక్కలోకి దిగుతుంది. కానీ ఆ ఊటని తినేది మీ పొలం, బాబాయిది కాదు. పంపకమంటే ఊళ్లో "అక్క ఆస్తి అడిగింది" అంటారు, దానికి సిద్ధపడాలి.

తవ్వడమే ఖాయమైతే, కనీసం షరతులైనా రాయించండి. తీరప్రాంత రొయ్యల చెరువులకి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ 2005 నాటి మార్గదర్శకాల్లో చెరువుకీ పక్క సాగుభూమికీ మధ్య, నేల తీరుని బట్టి 50 నుంచి 100 మీటర్ల ఎడం ఉండాలని ఉంది. మీ పొలం సముద్రానికి, ఏటికి ఎంత దూరమో బట్టి ఆ నిబంధన మీకు వర్తిస్తుందో లేదో తేలుతుంది, కానీ వర్తించకపోయినా ఆ అంకె దేనికో చూడండి. నలుచదరంగా ఉందనుకుంటే 4 ఎకరాలు దాదాపు 127 మీటర్ల చదరం. 50 మీటర్లు వదిలితే చెరువుకి మిగిలేది 2.4 ఎకరాలు. వంద వదిలితే ఎకరం కూడా మిగలదు. ఎడం వదిలేంత చిన్నకారు రైతు ఎవరూ ఉండరనీ, అందుకే ఎవరూ వదలరనీ మీకే అర్థమవుతుంది. ఎకరాలు తగ్గినా ఫర్వాలేదని లీజుదారు ఒప్పుకుంటే, బాబాయి వైపు ఊటకాలవ తీసి ఆ నీటిని మురుగుకాలవలోకి పంపాలనీ, పక్క చేను ఈసీ ఇంత దాటితే లీజు రద్దనీ దస్తావేజులో రాయించాలి. మాట మీద ఒప్పుకుంటే లాభం లేదు.

జిల్లా కమిటీ అనుమతి వచ్చేస్తుందని తమ్ముడు అంటున్నాడట. రావచ్చు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో సాగుభూముల్ని రొయ్యల చెరువులుగా మార్చొద్దంది, పాడుచేసినవాడే పరిహారం కట్టాలంది. 2005లో కొత్త చట్టం తెచ్చి తీరం పొడవునా చెరువులకి దారి వేశారు. ఆ 'పరిహారం' అనే సూత్రం మాత్రం ఇప్పటికీ చట్టంలో ఉంది. బాబాయి ఎప్పుడైనా కేసు వేయాల్సొస్తే నోటీసు వెళ్లేది లీజుదారుకి ఒక్కడికే కాదు, భూమి ఎవరి పేర్న ఉందో వాళ్లకీ. అందులో మీరున్నారు.

ఏ దారి ఎంచుకున్నా, బాబాయితో మీరే నేరుగా మాట్లాడండి, తమ్ముడి మీదుగా కాదు. నేను కాపాడతాను అని మాటివ్వొద్దు, ఆయన ఏం కోరుకుంటున్నాడో అడగండి. 70 దాటిన మనిషి, మంచి ధర వస్తే తానే అమ్ముకుందామనుకుంటున్నాడేమో, అప్పుడు మీ లెక్కంతా మారిపోతుంది.

ఇది తేలడానికి టైమ్ ఎక్కువ లేదు. దాళ్వా కోతలై కాలవలు కట్టేసిన వెంటనే పొక్లెయిన్లు దిగుతాయి. అంతకు ముందే మీ పొలం నుంచి, బాబాయి చేను నాలుగు మూలల నుంచి మట్టి, ఆయన బోరు నీళ్లు తీయించి, ఉండి కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి పరీక్ష చేయించమని తమ్ముడికే చెప్పండి. ఈసీ ఇప్పుడెంతుందో రాతలో ఉండాలి. తవ్వినా తవ్వకపోయినా ఆ చీటీ అందరికీ పనికొస్తుంది. ఇప్పటికే అవతలి చెరువుల ఉప్పు మీ పొలాన్ని దాటి బాబాయి దాకా వచ్చేసిందని తేలితే, ఉప్పుని తట్టుకునే రకాల కోసం మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానంవాళ్లు విడుదల చేసిన ఎంసీఎం విత్తనాల సంగతి ఆయనకి చెప్పాలి. అప్పుడు మీ తమ్ముడి వాదనకి కూడా కొంచెం బలం వస్తుంది, ముందే చెప్తున్నాను. ఆ అంకెలు రాగానే లీజు కాగితం నకలుతో పాటు పంపండి, మళ్లీ మాట్లాడుకుందాం.